చల్లారేదాకా

మా తాత కమ్మరి. నేను వెల్డర్ని. ఆయన కొలిమితో చేసిన పనినే నేను కరెంటుతో చేస్తున్నాను, అంతకు మించి తేడా లేదనుకుంటూ ముప్పై ఏడేళ్లు పని చేశాను. రిటైరయ్యి ఇంటి వెనక రేకుల షెడ్డులో సొంత పని మొదలుపెట్టాకగానీ అసలు తేడా ఎక్కడుందో తెలియలేదు. ఇనుము చల్లారడాన్ని ఆయన పనిలో పెట్టుకున్నాడు. నేను దానితో కొట్లాడుతూ బతికాను.

మాది నిజామాబాద్ జిల్లాలో చిన్న ఊరు. ఎండాకాలం వచ్చిందంటే బండి గిర్రలకు పట్టాలెక్కించే పని ఉండేది. నాకప్పుడు ఏడెనిమిదేళ్లు. తాత గిర్ర చుట్టూ సుతిలి తిప్పి కొలత తీసేవాడు. ఆ సుతిలిని ఇనుప పట్టా మీద పరిచి, బొటనవేలు మందం తగ్గించి గీటు పెట్టేవాడు. "తాతా, చిన్నగైతది గదా, ఎట్ల పడతది?" అంటే, "ఆగు బిడ్డా, అగ్గి పెడితే అదే పెరుగుతది" అనేవాడు. పట్టా రెండు కొసలూ తెల్లగా కాగి రవ్వలు చిమ్మేదాకా కొలిమిలో ఉంచి, ఇంత ఇసుక చల్లి, దాగలి మీద పెట్టి సమ్మెటతో కొడితే అతుకు పడిపోయేది. తర్వాత ఆ చుట్టును నేల మీద పరిచి, పిడకలు పేర్చి నిప్పు పెట్టేవాళ్లు. ఎర్రబడగానే నలుగురు పట్టకార్లతో ఎత్తి గిర్ర మీద దించి, సుత్తులతో అటూ ఇటూ సర్ది, కడవలకొద్దీ నీళ్లు కుమ్మరించేవాళ్లు. బుస్సుమని ఆవిరి. ఆ ఆవిరిలోంచి కర్ర మూలిగినట్టు చప్పుడొచ్చేది. ఆకులు కుండలోకి, పూటీలు ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ బిగుసుకుంటున్న చప్పుడది. అది వినబడితేనే తాత బీడీ ముట్టించేవాడు.

ఐటీఐలో చేరాక ఆ బొటనవేలికి లెక్క కట్టి చూశాను. వంద డిగ్రీల వేడికి మీటరు ఇనుము 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. ఐదడుగుల గిర్ర చుట్టుకొలత 4.8 మీటర్లు. ఐదువందల డిగ్రీలు కాగితే పట్టా ఇంచుమించు 29 మిల్లీమీటర్లు సాగాలి. తాత బొటనవేలు దానికి నాలుగు మిల్లీమీటర్లు లోపలే ఉంది. బడి మొహం చూడని మనిషి.

మా వైపు కోనసముద్రం అనే ఊరుంది, కమ్మర్‌పల్లి దగ్గర. ఒకప్పుడు అక్కడ మూసల్లో ఉక్కు వండేవాళ్లు. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవాళ్లు. వోయిసీ అనే ఇంగ్లిషు వైద్యుడు ఆ పనిని స్వయంగా చూసి రాసింది 1832లో అచ్చయింది. మూసను కాచడం ఎంత ముఖ్యమో, దాన్ని తొందరపడకుండా చల్లారనివ్వడం అంతే ముఖ్యమని ఆ ఉక్కు మీద పరిశోధన చేసినవాళ్లు చెబుతారు. ఆ ఉక్కుతో చేసిన కత్తి మీద నీటి అలల్లా కనిపించే గీతలు ఆ నిదానంలోంచి వచ్చినవే. ఇదంతా నాకు ఉద్యోగం అయిపోయాక తెలిసింది. పక్క ఊరి సంగతి యాభై ఏళ్లు ఆలస్యంగా!

1984లో ఐటీఐలో వెల్డర్ ట్రేడు తీసుకున్నాను. ఏడాది కోర్సు. మొదటి నెలలోనే ఒక రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టయ్యింది. పగలంతా పక్కవాడి వెలుగును నల్లద్దం లేకుండా చూసిన ఫలితం. అప్పటికప్పుడు ఏమీ తెలియదు. ఐదారు గంటలు పోయాక, అందరూ పడుకున్నాక మొదలవుతుంది. కంటి పైపొర ఎండకు కమిలినట్టు కమిలిపోవడమే అది. హాస్టల్లో ఒకడు ఆలుగడ్డ చెక్కలు పెట్టాడు, ఇంకొకడు ఎవరిదో చుక్కల మందు తెచ్చాడు. మొద్దుబార్చే చుక్కలు కొన్ని ఉంటాయి. వేసుకోగానే హాయిగా ఉంటుందిగానీ మానాల్సిన కన్నును మాననివ్వవు. చల్లటి తడిబట్ట వేసుకుని చీకట్లో పడుకుని, తెల్లారి డాక్టరుకు చూపించుకోవాలి. అప్పటినుంచి పది నంబరు నల్లద్దం లేకుండా హోల్డరు పట్టలేదు.

తర్వాత బాలానగర్‌లో పని. షెడ్డు తర్వాత షెడ్డు. మొదటి షెడ్డులో నాకిచ్చిన తొలి సొంత పని ఒక గేటు. పన్నెండడుగులు. నేనేం చేశాను? అడుగు పట్టీకి ఒక కొసన మొదలుపెట్టి రెండో కొసదాకా ఆపకుండా కుట్టుకుంటూ పోయాను. గొలుసులా, అందంగా, ఒకే తీరున వచ్చింది అతుకు. మురిసిపోయాను. చాయ్ తాగొచ్చేసరికి గేటు అరటికాయలా వంగి ఉంది. కరిగిన లోహం గట్టిపడి చల్లారుతూ ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ పక్కనున్నదాన్ని తనవైపు లాగుతుంది. తాత గిర్రను బిగించింది ఈ లాగుడే. నా గేటును వంచిందీ ఇదే. ఓనరు ఏమీ అనలేదు. వారం కూలిలో కోసుకున్నాడు.

ఒక పెద్దాయన ఉండేవాడు ఆ షెడ్డులో, అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన ఎప్పుడూ ఒక చోట రెండంగుళాలు కాల్చి, అవతలి మూలకు పోయి రెండంగుళాలు కాల్చేవాడు. బద్ధకస్తుడు తిరుగుతున్నట్టుండేది. ఆయన గేట్లు మాత్రం తలుపుకు తలుపు అద్దంలా ఆనేవి.

వంగితే కంటికి కనబడుతుంది. పగిలితే అలా కాదు. ఇంకో షెడ్డులో మందపాటి ప్లేట్లతో ఒక పెద్ద పని వచ్చింది. దానికి 7018 రాడ్లు వాడాలి. వాటి పూత తేమను పీల్చుకుంటుంది. అందుకే కాల్చేముందు మూడువందల యాభై డిగ్రీల దాకా ఓవెన్లో గంటసేపు ఎండబెట్టి, వేడి డబ్బాలోంచి ఒక్కొక్కటే తీసుకోవాలి. లేకపోతే తేమలోని హైడ్రోజన్ అతుకులోకి చేరి కూర్చుంటుంది. కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని అక్కడ ఓవెన్ ఆపేశారు. వానాకాలం. అతుకులన్నీ బాగున్నాయనే అనుకున్నాం. రెండో రోజు పొద్దున సుత్తితో స్లాగు రాలగొడుతుంటే అతుకు పక్కన వెంట్రుకంత గీత. హైడ్రోజన్ పగులు గుణమే అంత. పూర్తిగా చల్లారాక, ఒక్కోసారి ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. అందుకే పెద్ద పనుల్లో పరీక్ష చేసేవాళ్లు నలభై ఎనిమిది గంటలు ఆగి వస్తారు. మేం రోజంతా కాల్చింది వారంపాటు గ్రైండరుతో తవ్వి తీశాం. ఆ గీత చూశాకే, వేడిగా ఉన్నప్పుడు ఇనుము మన మాట వింటుందిగానీ, మన వెనక అది చేసేదే ఎక్కువని అర్థమైంది.

ఇక ఇంటి షెడ్డు. పది అడుగులకు పన్నెండు. మూడు పక్కలా గాలి ఆడుతుంది. మొదట చేసుకున్నది టేబులు. 40 × 40 × 5 యాంగ్లర్‌తో కాళ్లు, పైన పది మిల్లీమీటర్ల ప్లేటు. ఎవరైనా అడిగితే చెప్పేదిదే. మంచి మిషను తర్వాత, ముందు చదునైన బరువైన టేబులు. నేల మీద కూర్చుని కాల్చినవన్నీ నేలలాగే వస్తాయి.

సామాను పాత ఇనుము కొట్లో కొంటాను. కొత్త కడ్డీ ఇరవై అడుగులు కొనాలి, నాకు మూడడుగులు చాలు. కొట్టువాడు తూకం వేస్తాడు, నేను మనసులో లెక్క వేస్తాను. కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్లకు 0.89. వాడి కాంటా ఎక్కువ చూపిస్తే నవ్వుతాను, వాడూ నవ్వి కొంచెం తగ్గిస్తాడు. తెల్లగా మెరిసే జీఐ పైపు మాత్రం చవకగా దొరికినా తీసుకోను. దాని మీది జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది, ఇనుము కరగాలంటే 1538 కావాలి. అంటే అతుకు పడకముందే పొగ మన ఊపిరితిత్తుల్లో ఉంటుంది. ఆ రాత్రి చలిజ్వరం. పాలు తాగితే, బెల్లం తింటే పోతుందని బాలానగర్‌లో అందరం నమ్మేవాళ్లం. పాలు మంచివే, ఎవరు కాదన్నారు? కాని పొగ పోయేది కడుపులోకి కాదు. తప్పనిసరైతే అతుకు చోట జింకును పూర్తిగా గీకేసి, గాలికి ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి, మాస్కు పెట్టుకుని కాల్చాలి.

మా రోజుల్లో మిషనంటే నూనె పోసిన ట్రాన్స్‌ఫార్మరు, ఇద్దరు తోసినా కదిలేది కాదు. ఇప్పటి ఇన్వర్టర్ నాలుగైదు కిలోలు. భుజాన తగిలించుకోవచ్చు. 16 ఆంపియర్ల ప్లగ్గులో పెట్టి పన్నెండు నంబరు రాడ్డు ఎనభై ఆంపియర్ల మీద కాలుస్తుంటే నాకే సిగ్గేస్తుంది, ఇంత సులువా అని. షెడ్డుకు విడిగా వైరు, ఎంసీబీ, మంచి ఎర్తింగ్ వేయించుకున్నాను. గ్రైండరు విషయంలో మాత్రం సులువేమీ లేదు. నాలుగంగుళాల చక్రం నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది. లెక్క వేస్తే దాని అంచు గంటకు రెండువందల కిలోమీటర్ల వేగం మీద ఉంటుంది. గార్డు అడ్డమొస్తోందని విప్పేసేవాళ్లను చూస్తాను. చక్రం మధ్యలోని ఇనుప రింగు మీద గడువు తేదీ ఉంటుందని చాలామందికి తెలియదు. తడిసిన చక్రం, పాతబడ్డ చక్రం, కింద పడ్డ చక్రం పారెయ్యండి.

మా వెనక వీధిలో ఒక కుర్రాడున్నాడు. కంప్యూటర్ ఉద్యోగం, ఇంట్లోనే కూర్చుని చేస్తాడు. ఆదివారం పూట చేతులకు పని కావాలని ఇన్వర్టర్ తెప్పించుకున్నాడు. ఒకరోజు టీపాయి ఫ్రేము మోసుకొచ్చాడు. ఇంచ్ స్క్వేర్ పైపు.

"అంకుల్, కొలతలన్నీ కరెక్టే. మూలమట్టం పెట్టే చేశా. కాని నేల మీద పెడితే ఒక కాలు లేస్తోంది."

"ఎట్ల కాల్చినవ్?"

"ఒక మూల పూర్తి చేసి ఇంకో మూల."

"నాలుగు దిక్కులా?"

"నాలుగు దిక్కులా. గట్టిగా ఉండాలి కదా."

నా గేటు గుర్తొచ్చింది. ఆ మాట చెప్పలేదు, కుర్రాడి ముందు పరువెందుకు పోగొట్టుకోవాలి. మూలలన్నీ గ్రైండరుతో కోసేశాం. వాడి మొహం చూడలేకపోయాను. టేబులు మీద నాలుగు పైపులూ పరిచి క్లాంపులు బిగించి, మూల నుంచి మూలకు టేపు పెట్టించాను. ఒకటి 848, ఇంకోటి 851. మూలమట్టం చిన్నది, దానికి ఈ మూడు మిల్లీమీటర్లు కనిపించవు. ఐమూలలు రెండూ సమానమైతేనే చట్రం సరైన నలుపలక. రబ్బరు సుత్తితో తట్టి రెండూ 850 దగ్గర కలిపాక, ఒక్కో మూలకు చిటికెన గోరంత టాకు ఒకటి వేయించాను. మళ్లీ కొలిచాం. తర్వాత ఒక మూల పైపక్క కాల్చాడు. వెంటనే పక్క మూలకు పోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఎదురు మూల చూపించాను. అది కూడా అయ్యింది.

"ఇప్పుడేం చేయాలి అంకుల్?"

"చాయ్ తాగాలె."

నవ్వులాటకన్నాననుకున్నాడు. నిజంగానే లోపలికి పోయి చాయ్ పెట్టించుకొచ్చాను. పైపును చేత్తో ముట్టుకోగలిగాక మిగతా రెండు మూలలు. పల్చటి పైపు, 1.6 మిల్లీమీటర్లు. దాని మీద వేడి ఎక్కువసేపు నిలిపితే బొక్క పడుతుంది, తక్కువైతే రాడ్డు పైపైన అంటుకుని లోపల ఏమీ ఉండదు. అరవై ఆంపియర్లు పెట్టి, రాడ్డును ఒక్కో చుక్క పెట్టి తీస్తూ కాల్చమన్నాను. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే ఆరున్నరకు అయ్యింది. అందులో వెలుగు వెలిగింది పదిహేను నిమిషాలుంటుందేమో. నాలుగు కాళ్లూ నేలకానాయి. వాడు ఫోటో తీసుకున్నాడు.

ఇవన్నీ మామూలు ఇనుము ముచ్చట్లు. పోత ఇనుము వస్తే మాత్రం నాకు ఇప్పటికీ గుండె దడే. మా వీధిలో బట్టలు కుట్టే ఒకామె ఉంది. తల్లి నుంచి వచ్చిన తొక్కుడు మిషను, ఇల్లు మారేటప్పుడు కింద పడి కాలు రెండుగా విరిగింది. "అన్నా, అమ్మ ఇచ్చింది, కొత్తది కొనుక్కోలేనని కాదు" అంది. రోడ్డు మీద ఎవరో మామూలు రాడ్డుతో అప్పటికే అతికి ఇచ్చారు. నాలుగు రోజులకు అతుకు అలాగే ఉంది, దాని పక్కన ఇనుము విరిగింది. ఆకురాయి పెట్టి చూశాను. గాజు మీద జారినట్టు జారింది. పోత ఇనుములో మూడు నాలుగు శాతం దాకా బొగ్గుసత్తు ఉంటుంది. కాల్చి గబుక్కున చల్లారనిస్తే అతుకు అంచున అది గాజంత గట్టిగా, గాజంత పెళుసుగా మారుతుంది.

పాత అతుకంతా తవ్వి తీసి, అంచులు వాలుగా చెక్కి, లోపలికి పాకిన ఒక పగులు కొసన మూడు మిల్లీమీటర్ల బెజ్జం వేశాను, అక్కడితో ఆగిపోవడానికి. నికెల్ రాడ్లు తెచ్చాను. అవి ఖరీదు, కిలోల్లో కాదు లెక్కపెట్టి కొంటాం. చల్లగా ఉన్న కాలి మీదే అంగుళం కాల్చడం, ఎర్రదనం ఉండగానే గుండ్రటి సుత్తితో చిన్నచిన్నగా కొట్టడం, చెయ్యి ఓర్చుకునేదాకా ఆగడం, ఇంకో అంగుళం. కొట్టడం ఎందుకంటే ముడుచుకోబోతున్న లోహాన్ని వెడల్పు చేసి లాగుడు తగ్గించడానికి. మధ్యాహ్నమంతా పట్టింది. అయ్యింది, బాగుంది. చేతులు కడుక్కుంటున్నాను. వెనక నుంచి "టిక్" అని చప్పుడు. పోత ఇనుము పని తెలిసినవాళ్లకు ఆ చప్పుడు చాలు, తిరిగి చూడక్కర్లేదు.

రెండు రోజులు దాని మొహం చూడలేదు. మూడో రోజు గుర్తొచ్చింది, ఇది కరెంటు పని కాదు, కొలిమి పని. షెడ్డు బయట ఇటుకలు పేర్చి బొగ్గులు రాజేసి, కాలు మొత్తాన్ని దాని మీద నిదానంగా కాచాను. నీటిబొట్టు వేస్తే నిలవకుండా చుయ్యిమని ఎగిరిపోయేదాకా. అతుకు చోటొక్కటే కాకుండా అంతా ఒకే వేడి మీద ఉంటే అంతా ఒకేసారి సాగుతుంది, ఒకేసారి ముడుచుకుంటుంది. వేడి మీదే మళ్లీ నికెల్ రాడ్డుతో కాల్చి, అలాగే పట్టకారుతో ఎత్తి, ముందే కాచి పెట్టుకున్న డ్రమ్ములోని బూడిదలో పూడ్చేశాను. రాత్రి రెండుసార్లు లేచి వచ్చి చెవి పెట్టి విన్నాను. మా ఆవిడ కిటికీలోంచి చూసి ఏమీ అడగలేదు. తెల్లారి తీసేసరికి ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆకురాయి పట్టింది, పొడి రాలింది. ఆ మిషను మీదే ఆమె మా మనవరాలికి గౌను కుట్టింది.

చివరగా ఒకటి. ఈ షెడ్డు పెట్టిన మొదటి ఏడాది ఒక సాయంత్రం పని ముగించి, తాళం వేసి, భోజనానికి కూర్చున్నాను. గంట తర్వాత పొగ వాసన. గ్రైండరు రవ్వ ఒకటి ఎక్కడో మూలన మడిచిపెట్టిన గోనెసంచిలో దూరి, లోలోపల రాజుకుని, అప్పుడు మండింది. రెండు బకెట్ల నీళ్లతో పోయింది, అదృష్టం. ఇప్పుడు షెడ్డులో గోనెసంచి లేదు, రంగు డబ్బా లేదు, పెట్రోలు పోసిన ఖాళీ డబ్బా అసలే లేదు. ఖాళీ డబ్బాలో మిగిలిన ఆవిరే పేలుతుంది, దాన్ని ఎవరు తెచ్చి అతకమన్నా అతకను. మిషను ఆపాక ఒక బకెట్ నీళ్లు పక్కన పెట్టుకుని అక్కడే స్టూలు మీద గంటసేపు కూర్చుంటాను. ఇంట్లోంచి అన్నం చల్లారిపోతోందని కేక వస్తుంది. మీరూ ఇంట్లో ఈ పని మొదలుపెడితే ఆ గంట కూర్చున్నాకే తాళం వెయ్యండి.